పైకి ఒకటే స్టాంపు: పాత డెన్మార్క్ తపాలా బిళ్ళల్లో అరుదైనవి వెతకడం గురించి

అందరికీ నమస్కారం. మైకు వెనకదాకా వినిపిస్తోందా? సరే.

మాట్లాడే ముందు రెండు స్టాంపులు మీ మధ్యకి పంపుతున్నాను. ప్లాస్టిక్ తొడుగులో ఉన్నాయి, తొడుగుతోనే పట్టుకుని చూడండి. రెండూ డెన్మార్క్‌వి, రెండూ 8 ఓరె విలువవి, ఓరె అంటే వాళ్ళ పైసా లాంటిది. బూడిద, ఎరుపు రంగులు, మధ్యలో 8 అంకె. 1875లో వచ్చిన స్టాంపు ఇది. ఆ దేశంలో మామూలు ఉత్తరానికి చాలా ఏళ్ళపాటు దీన్నే అంటించారు. అందుకే ఇప్పటికీ లెక్కలేనన్ని దొరుకుతాయి. రెండిట్లో తేడా ఏమైనా కనిపిస్తుందేమో చూడండి. తొందరేం లేదు, అవి చేతులు మారేలోపు నేను చెబుతూ ఉంటాను.

నేను 2009లో ఉద్యోగం మీద కోపెన్‌హాగన్ వెళ్ళాను. చిన్నప్పుడు అందరిలాగే స్టాంపులు దాచేవాణ్ణి, తర్వాత మానేశాను. అక్కడ నవంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఒక శనివారం పాత సామాన్ల సంతలో ఒక పెద్దాయన దగ్గర దారంతో కట్టిన స్టాంపుల కట్టలు చూశాను. కట్టకి వంద. అన్నీ ఈ 8 ఓరెలే. అవి ఎవరూ కొనరని ఆయనే చెప్పాడు. మూడు కట్టలు తీసుకున్నాను. ఆ ఊళ్ళో ఒక కాఫీకి అయ్యే డబ్బు కూడా కాలేదు. ఆ చలికాలమంతా సాయంత్రాలు ఆ మూడు వందల స్టాంపులతోనే గడిచాయి. నాకు ఈ పిచ్చి పట్టింది అక్కడే.

ఎందుకు పట్టిందో చెప్పాలంటే ఆ స్టాంపు ఎలా అచ్చయ్యేదో చెప్పాలి.

1870లో డెన్మార్క్ రెండు రంగుల స్టాంపులు మొదలుపెట్టింది. మధ్యలో అంకె ఒక రంగు, చుట్టూ చట్రం ఇంకో రంగు. అంటే ఒకే కాగితం ప్రెస్సులోకి రెండుసార్లు వెళ్ళాలి. చట్రాలకి ఒక ప్లేటు, మధ్య భాగాలకి ఇంకో ప్లేటు. ప్లేటు అంటే ఒకే రేకు అనుకోకండి. ఒక్కో స్టాంపుకి ఒక్కో చిన్న లోహపు అచ్చు పోసి, వాటిని వరుసగా పేర్చి బిగిస్తే షీటుకి సరిపడా ప్లేటు అయ్యేది. అరిగిపోయినవి తీసి కొత్తవి పెట్టేవారు. ఇక్కడే ఉంది అసలు సంగతి. చట్రం నాలుగు మూలలా లతల్లాంటి నగిషీ ఉంటుంది. పైకీ కిందకీ అది దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అచ్చు పేర్చే మనిషి ఒక చట్రాన్ని తలకిందులుగా బిగించినా అతనికి తెలియదు, ప్రెస్సు వాడికి తెలియదు, పోస్టాఫీసులో అమ్మేవాడికి తెలియదు, కొన్నవాడికి అసలే తెలియదు. ఉత్తరం మాత్రం చక్కగా చేరిపోయేది.

దాన్నే డేనిష్ కలెక్టర్లు తిరగబడ్డ చట్రం అంటారు. గుర్తుపట్టే చోటు ఎడమవైపు పైమూల. అక్కడి లతకి ఒక ముఖ్యమైన కాడ ఉంటుంది, దాని నుంచి ఒక కొమ్మ చీలుతుంది. చట్రం మామూలుగా ఉంటే ఆ కొమ్మ రెండు చిన్న ఆకులకి సరిగ్గా మధ్యలో చీలుతుంది. తిరగబడి ఉంటే ఒక ఆకుకి ఎదురుగానే మొదలవుతుంది. అంతే తేడా. కొన్ని విలువల్లో తిరగబడ్డవి కొంచెం ఓపికగా వెతికితే దొరుకుతాయి. కొన్నిట్లో ఏళ్ళ తరబడి వెతకాలి. స్కిల్లింగ్ విలువల్లోనూ ఉన్నాయి, ఓరె విలువల్లోనూ ఉన్నాయి.

ముందు వరుసలో ఆ అమ్మాయి చెయ్యెత్తింది చూడండి. రెండోది తిరగబడింది, అవునమ్మా. భూతద్దం లేకుండానే పట్టావు. నాకు మొదటిది దొరకడానికి రెండు వారాలు పట్టింది.

స్కిల్లింగ్, ఓరె అన్నాను కదా, దాని గురించి ఒక మాట. 1875 జనవరి 1 నుంచి డెన్మార్క్ డబ్బు మారింది. అంతకు ముందు రిగ్స్‌డాలర్, అందులో 96 స్కిల్లింగ్‌లు. ఒక రిగ్స్‌డాలర్‌కి రెండు క్రోనెర్‌లు ఇచ్చారు, ఒక క్రోనెకి 100 ఓరె. అంటే 48 స్కిల్లింగ్ ఒక క్రోనె అయింది. ఉత్తరానికి పాత ఖర్చు 4 స్కిల్లింగ్, లెక్క వేస్తే 8 ఓరె చిల్లర. దాన్ని 8 చేశారు. మీ చేతిలో ఉన్న స్టాంపు మీద 8 ఉండటానికి కారణం ఈ లెక్కే. రెండు రంగుల స్కిల్లింగ్ స్టాంపులకి నాలుగైదేళ్ళకి మించి ఆయుష్షు లేదు. వాటిలో 48 స్కిల్లింగ్ పెద్ద విలువ, మామూలు ఉత్తరాల మీద పడేది కాదు. మంచి స్థితిలో ఉన్నది కావాలంటే ఇవాళ్టికీ జేబు చూసుకోవాలి.

మళ్ళీ నా మూడు వందల స్టాంపుల దగ్గరికి వస్తాను. చట్రం తర్వాత చూడాల్సింది పళ్ళు, అంటే అంచున ఉండే రంధ్రాలు. రెండు సెంటీమీటర్లలో ఎన్ని పళ్ళు పడతాయో కొలిచే స్కేలు మీ అందరి దగ్గరా ఉండే ఉంటుంది. ఈ స్టాంపులు మొదట్లో అడ్డంగా 14, నిలువుగా 13½. 1890ల మధ్య నుంచి అన్నివైపులా 12¾. బొమ్మ అదే, రంగు అదే, విలువ అదే. ఆ తర్వాత కాగితం. కాగితంలో కిరీటం ఆకారపు వాటర్‌మార్క్, అంటే కాగితంలోనే దాగి ఉండే గుర్తు, ఉంటుంది. 1902లో ఆ కిరీటం రూపం మార్చారు. 1913 ప్రాంతంలో కిరీటం పూర్తిగా పోయి చిన్న చిన్న సిలువల వరుసలు వచ్చాయి. స్టాంపుని నల్లటి పళ్ళెంలో బోర్లా పెట్టి ఒక చుక్క బెంజైన్ అనే పెట్రోలియం ద్రవం వేస్తే కిరీటం తేలుతుంది. గది కిటికీ తెరవడం మర్చిపోవద్దు, దగ్గర్లో దీపం, అగరొత్తి లాంటివి ఏవీ ఉండకూడదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒకే ముఖం ఉన్న స్టాంపుకి రెండు రకాల పళ్ళు, రెండు రకాల కిరీటాలు, రెండు రకాల చట్రాలు, పాతికేళ్ళలో మళ్ళీ మళ్ళీ అచ్చేసినందువల్ల రంగులో ఎన్నో ఛాయలు. నాకు ఈ వ్యవహారంలో నచ్చింది ఇదే. మన పిల్లలకి స్టాంపులు ఇచ్చి ఒక దేశానికి ఒకటి చొప్పున ఆల్బం నింపమంటాం. నిండగానే అటక మీదకి పోతుంది. ఇక్కడ అలా కాదు. అరుదు అనేది బొమ్మలో లేదు. ఆ రోజు ప్రెస్సులో ఏం జరిగింది, ఆ రోజు పోస్టాఫీసులో ఏం అయిపోయింది, దానిలో ఉంది. కొనే డబ్బు లేనివాడికి కూడా చూసే ఓపిక ఉంటే దొరుకుతుంది. ఇది నేను నమ్మి చెబుతున్న మాట.

డబ్బు కావాల్సినవి లేవని కాదు. మొదటి స్టాంపు సంగతే తీసుకుందాం.

డెన్మార్క్ మొదటి స్టాంపు 1851 ఏప్రిల్ 1న వచ్చింది. 4 రిగ్స్‌బ్యాంక్ స్కిల్లింగ్, గోధుమ రంగు, పళ్ళు లేవు, కత్తెరతో కత్తిరించుకోవాలి. దేశంలో ఎక్కడికైనా ఉత్తరానికి ఒకటే ధర అని అప్పుడే పెట్టారు. ముందే స్టాంపు అంటిస్తే 4, అంటించకపోతే 6. జనాన్ని స్టాంపుకి అలవాటు చెయ్యడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు. నెల తర్వాత, మే 1న, నీలం రంగు 2 స్కిల్లింగ్ వచ్చింది. అది కోపెన్‌హాగన్ ఊళ్ళో తిరిగే ఉత్తరాలకి.

ఈ 4 స్కిల్లింగ్‌కి ఇద్దరు తల్లులు. మొదట అచ్చేసినవాడు మార్టినస్ విలియం ఫెర్స్‌లేవ్ అనే నగిషీ చెక్కే పనివాడు. తర్వాత పని తీలె అనే ముద్రణాలయానికి వెళ్ళింది. స్టాంపు అడుగున పసుపు గోధుమ రంగులో సన్నటి వలలాంటి గీతలు ఉంటాయి, దొంగ స్టాంపులు చెయ్యకుండా. ఫెర్స్‌లేవ్ ఆ వలని రాగి పలక మీద చెక్కి అచ్చేశాడు. గీతలు స్పష్టంగా ఉంటాయి, కాగితం మీద కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. పక్కనుంచి దీపం వేసి చూస్తే తెలుస్తుంది. తీలె వాళ్ళు ఆ వలని మామూలు అచ్చుతో వేశారు. గీతలు పలచగా, చదునుగా ఉంటాయి. ఫెర్స్‌లేవ్‌ది దొరకడం కష్టం, ధర కూడా దానికి తగ్గట్టే. కోపెన్‌హాగన్ నడిబొడ్డున అప్పట్లో ఒక తపాలా మ్యూజియం ఉండేది, 2015లో మూసేశారు. అక్కడ అద్దం వెనక ఈ రెండూ చూసి వచ్చాను. ఇంటికొచ్చాక నా దగ్గరున్న ఒకే ఒక్క 4 స్కిల్లింగ్‌ని అరగంట సేపు దీపం కింద అటూ ఇటూ తిప్పాను. తీలెదే. అయినా నా ఆల్బంలో మొదటి పేజీ దానిదే.

2 స్కిల్లింగ్‌లో ఇంకో అందం ఉంది. దానికి 10 టైపులు. అచ్చులో చిన్న చిన్న తేడాలతో పది రకాలు షీటంతా తిరిగి తిరిగి వస్తాయి. పదీ పోగు చేసినవాళ్ళ గురించి విన్నాను. నేను రెండు దగ్గరే ఆగిపోయాను, నా స్తోమత అంతే. కొనబోయేవాళ్ళకి ఒక జాగ్రత్త. తర్వాతి కాలంలో వీటిని అధికారికంగానే మళ్ళీ అచ్చేశారు. వాటి కాగితంలో వాటర్‌మార్క్ ఉండదు. చిన్న కిరీటం కనిపించిందా లేదా చూసుకోండి.

1854 నుంచి విలువలు పెరిగాయి. చతురస్రం ఆకారం, మధ్యలో కిరీటం, కత్తి, రాజదండం. మూలల్లో మొదట చుక్కలు ఉండేవి, 1858లో అలల గీతలు అయ్యాయి. 1863లో కొన్నిటికి రంధ్రాల బదులు చిన్న చీలికలు పెట్టారు. వీటి దగ్గర ఎక్కువసేపు ఆగను. ఒక్కటి చెబుతాను, నాలుగువైపులా అంచు తెగకుండా ఉన్న పళ్ళులేని స్టాంపు ఒక్కటి దొరికినా మంచిదే. నిన్నటి పోస్ట్‌మాస్టర్ కత్తెర ఎంత వంకరగా నడిచిందో దాని మీదే ఇవాళ్టి విలువ ఆధారపడుతుంది.

ఇక ముద్రలు. నాకు వీటి మీద మరీ ప్రేమ, కాస్త ఎక్కువసేపు చెప్పినా ఓర్చుకోండి.

మొదట్లో స్టాంపుని మళ్ళీ వాడకుండా రద్దు చెయ్యడానికి వలయాల్లో వలయాలున్న ముద్ర వాడారు. తర్వాత మధ్యలో ఒక అంకె వచ్చింది. ఒక్కో పోస్టాఫీసుకి ఒక్కో అంకె. 1 అంటే కోపెన్‌హాగన్, అది చిల్లరలా దొరుకుతుంది. 2 అంటే? జర్మన్ నగరం హాంబర్గ్. అక్కడ డెన్మార్క్ రాజు తరఫున ఒక పోస్టాఫీసు ఉండేది. మామూలు గోధుమరంగు స్టాంపు మీద వలయాల మధ్య 2 కనిపిస్తే అది పరాయి నగరంలో పడిన ముద్ర. అలాగే ష్లెస్విగ్, హోల్‌స్టైన్ ఊళ్ళ అంకెలు. 1864 యుద్ధంలో ప్రష్యా, ఆస్ట్రియాల చేతిలో ఓడిపోయి డెన్మార్క్ ఆ ప్రాంతాలు పోగొట్టుకుంది. ఆ ఊళ్ళలో డెన్మార్క్ స్టాంపులు వాడటం దాంతో ఆగింది. పది పన్నెండేళ్ళలో పడ్డ ముద్రలు ఎన్నో అన్నే, ఇక కొత్తవి పుట్టవు. ఇంకా దూరం వెళ్తే 236, ఐస్‌లాండ్‌లోని రేక్యావిక్. ఐస్‌లాండ్ 1873లో సొంత స్టాంపులు తెచ్చుకునే ముందు కొద్దికాలం డెన్మార్క్ స్కిల్లింగ్ స్టాంపులే వాడింది. అక్కడ జనం తక్కువ, ఉత్తరాలు తక్కువ. అలాంటి స్టాంపు నేను ఒక్కసారి, ఒక ప్రదర్శనలో, అద్దానికి ముక్కు ఆనించి చూశాను.

తర్వాత తర్వాత పల్లెటూళ్ళలో ఉత్తరాలు పోగుచేసే చిన్న చిన్న చోట్లకి నక్షత్రం ముద్ర ఇచ్చారు. పైన నక్షత్రం, కింద ఊరి పేరు. నా మూడు కట్టల్లో అవి నాలుగు దొరికాయి. ఒకదాని మీద ఊరి పేరు పూర్తిగా చదవగలిగాను. ఆదివారం రైలెక్కి ఆ ఊరు వెళ్ళాను. ఒక చర్చి, ఒక చెరువు, పొలాలు. పోస్టాఫీసు లేదు. చెరువు గట్టు మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిని వెనక్కి వచ్చాను. ఆ ఊరి పేరున్న స్టాంపు నాకు ఇప్పుడు ఎంతకిచ్చినా అమ్మేది కాదు.

ముద్రల గురించి చెబుతున్నాను కాబట్టి నా వల్ల జరిగిన నష్టం కూడా చెప్పాలి. తెలియని రోజుల్లో ఒక పాత కవరు దొరికితే, దాని మీద స్టాంపు తీయడానికి కవరుని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాను. స్టాంపు వచ్చింది. ఆ కవరు మీదున్న చిరునామా, తేదీ, వెనకవైపు చేరిన ఊరి ముద్ర, అన్నీ ఒక కథగా ఉండేవి. సిరా నీళ్ళలో కలిసిపోయింది. చేతిలో మిగిలింది ఒక మామూలు స్టాంపు. దయచేసి ఎవరూ పాత కవర్లు నానబెట్టకండి. కవరుతో సహా ఉంచండి. తెలియకపోతే ఎవరినైనా అడగండి, ఈలోపు అలాగే ఉంచండి.

కవరు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఫారో దీవుల కంటే మంచి ఉదాహరణ లేదు. ఉత్తర అట్లాంటిక్‌లో ఉన్న ఆ దీవుల్లో డెన్మార్క్ స్టాంపులే వాడేవారు. 1919 జనవరి 1న తపాలా ఖర్చు 5 ఓరె నుంచి 7 ఓరెకి పెరిగింది. అందరి దగ్గరా 5 ఓరె స్టాంపులున్నాయి, పైన అంటించడానికి 2 ఓరె స్టాంపులు చాలినన్ని లేవు. ఓడ ఎప్పుడొస్తుందో చెప్పలేని చలికాలం. అప్పుడు 4 ఓరె స్టాంపుని సగానికి కోసి వాడుకోవచ్చన్నారు. ఆ 4 ఓరెలూ అయిపోవస్తుంటే ఆకుపచ్చ 5 ఓరె స్టాంపు మీద చేత్తో 2 ఓరె అని ముద్ర కొట్టి అమ్మారు. జనవరిలో కొద్దిరోజులే ఇదంతా. సగం కోసిన స్టాంపు విడిగా దొరికితే దానికి విలువ లేదు, ఇవాళ నేనూ కత్తెరతో కోయగలను. అదే కవరు మీద, కోసిన అంచు మీదుగా ఆ జనవరి తేదీ ముద్ర పడి ఉంటే, ఒక దీవి మొత్తం ఇబ్బంది పడ్డ వారం మన చేతిలో ఉన్నట్టు.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. డెన్మార్క్ యుద్ధంలో లేదు, కానీ తన తటస్థతని కాపాడుకోవడానికి సైనికుల్ని పిలిచింది. వాళ్ళకి 1917లో 5, 10 ఓరె స్టాంపుల మీద ఎస్.ఎఫ్. అని రెండక్షరాలు అచ్చేసి ఇచ్చారు, సైనికుల స్టాంపు అని అర్థం. 1918లో వార్తాపత్రికల స్టాంపులు మిగిలిపోతే వాటి మీద 27 ఓరె అని కొట్టి మామూలు స్టాంపులుగా అమ్మారు. అందులో కూడా కిరీటం కాగితమా, సిలువల కాగితమా అన్నది చూడాలి, కొన్నిటికి ధరలో ఎంతో తేడా వస్తుంది. 1915లో 80 ఓరె అని కొట్టిన స్టాంపుల్లో తపాలా బిళ్ళ అని అర్థమిచ్చే పోస్ట్‌ఫ్రిమ్ అన్న మాటలో ఎఫ్ బదులు ఇ పడిన తప్పు ఒకటుంది. ఒక్క అక్షరం. షీట్లు తిరగేసేవాళ్ళకే అది కనిపిస్తుంది.

ఇలా ఒక అక్షరానికీ ఒక ముద్రకీ విలువ పెరిగితే దొంగ పనులు కూడా వస్తాయి. రెండక్షరాల ఎస్.ఎఫ్. ఎవరైనా కొట్టగలరు. పళ్ళు లేని వైపు కొత్తగా పళ్ళు పెడతారు. పెన్నుతో కొట్టేసిన గీతని మందు పెట్టి కడుగుతారు. నేను ఒక వ్యాపారి దగ్గర ఒక మంచి 16 స్కిల్లింగ్ కొన్నాను, నా ఒక నెల పొదుపంతా పెట్టి. పరీక్షకి పంపితే కుడివైపు పళ్ళు తర్వాత పెట్టినవని తేలింది. బాధ డబ్బు గురించి కొంతే. నేను దాన్ని ఆరు నెలలు రోజూ చూసుకున్నాను, నాకు తెలియలేదు, అదీ ఎక్కువ బాధ. అందుకే చెబుతున్నాను, ఖరీదైనది కొనేటప్పుడు నిపుణులిచ్చే సర్టిఫికెట్ లేకుండా కొనకండి. డేనిష్ వాళ్ళు నమ్మే కేటలాగు ఏఎఫ్ఏ, అందులోని నంబర్లు నేర్చుకుంటే అక్కడి వ్యాపారులతో భాష రాకపోయినా బేరం ఆడొచ్చు.

ఒక ప్రశ్న నన్ను ప్రతిసారీ అడుగుతారు, ఇవాళ కూడా ఎవరో అడగబోతున్నారు. తమిళనాడులో తరంగంబాడి డెన్మార్క్ వాళ్ళదే కదా, అక్కడ వాడిన స్టాంపులు దొరుకుతాయా అని. దొరకవు. 1620 నుంచి వాళ్ళ చేతిలో ఉన్న ఆ ఊరిని 1845లో ఈస్టిండియా కంపెనీకి అమ్మేశారు. మొదటి స్టాంపు వచ్చింది 1851లో. ఆరేళ్ళ తేడాతో మనకి అది తప్పిపోయింది. ఎవరైనా తరంగంబాడి ముద్రతో డెన్మార్క్ స్టాంపు అమ్ముతానంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

చివరిగా ఒక వార్త మీకు తెలిసే ఉంటుంది. డెన్మార్క్ తపాలాని 1624లో నాలుగో క్రిస్టియన్ రాజు మొదలుపెట్టాడు. 2025 డిసెంబరు 30తో వాళ్ళ జాతీయ తపాలా సంస్థ పోస్ట్‌నార్డ్ ఉత్తరాలు పంచడం ఆపేసింది. 2000 సంవత్సరంలో దాదాపు 140 కోట్ల ఉత్తరాలు తిరిగిన దేశంలో 2024కి అవి 11 కోట్లకి పడిపోయాయి. వీధుల్లో ఎర్రటి పోస్టుడబ్బాలు తీసేశారు. ఆ డబ్బాల్లో నేను మా అమ్మకి ఉత్తరాలు వేశాను. అక్కడి స్నేహితుడు ఒకాయన డిసెంబరులో నాకు ఒక కవరు పంపాడు. లోపల కాగితం లేదు, ఖాళీ కవరే. స్టాంపు మీద ముద్ర స్పష్టంగా పడేలా చూసుకుని పంపాడు. దాన్ని ఆల్బంలో చివరి పేజీలో పెట్టాను, మొదటి పేజీలో తీలె అచ్చేసిన 4 స్కిల్లింగ్ ఉంది.

ఇక నా మాటలు చాలు. ఆ బల్ల మీద ఒక పెట్టె ఉంది, అందులో నా మూడు కట్టల్లో మిగిలిన 8 ఓరెలు, రెండు వందలకి పైనే ఉంటాయి. భూతద్దాలు ఆరు తెచ్చాను, పళ్ళు కొలిచే స్కేళ్ళు రెండు. పటకారుతోనే పట్టుకోండి. తిరగబడ్డ చట్రం ఎవరికి దొరికితే ఆ స్టాంపు వాళ్ళదే, ఇంటికి తీసుకెళ్ళండి. అన్నీ చూసేశానని నేను అనుకుంటున్నాను, కానీ రెండుసార్లు చూసిన కట్టలో మూడోసారి దొరికిన రోజులున్నాయి. ఎడమవైపు, పైమూల. రండి.